బొమ్మల కథకు కడప జిల్లా తేదీ

కార్టూన్ లోకానికి గుర్తుపెట్టుకునే రోజులు చాలానే ఉన్నాయి. అమెరికావాళ్లు మే 5న కార్టూనిస్టుల దినం జరుపుకుంటారు. రిచర్డ్ అవుట్‌కాల్ట్ గీసిన బోడిగుండు పిల్లాడు 1895లో అదే తేదీన ‘న్యూయార్క్ వరల్డ్’ ఆదివారం సంచికలో రంగుల్లో కనిపించాడు. బెల్జియం వాళ్లకు జనవరి 10 ముఖ్యం, 1929లో ఆ రోజే టిన్‌టిన్ మొదలైంది. మనకు మే 20 ఉంది. తొలి తెలుగు కార్టూనిస్టుగా పేరున్న తలిశెట్టి రామారావు 1906లో పుట్టిన రోజది, తెలుగు కార్టూనిస్టుల దినోత్సవంగా ఏటా జరుగుతోంది. డిసెంబర్ 15 బాపు పుట్టినరోజు. ఫిబ్రవరి 24 అయితే రెండు రకాలుగా విషాదం: బుడుగును సృష్టించిన ముళ్లపూడి వెంకటరమణ, అమర చిత్ర కథను నడిపిన అనంత్ పాయ్ ఇద్దరూ 2011లో ఆ ఒక్కరోజే వెళ్లిపోయారు. ఈ వరసలో కర్నూలు, కడప జిల్లాల పేరు ఎక్కడా వినపడదు. ఈ పండగలన్నిటికీ రాయలసీమ చుట్టపుచూపుగా వెళ్లి వస్తుంది, అంతే. నిజానికి ఈ వరసలో సగర్వంగా చేర్చదగిన తేదీలు ఈ సీమకు రెండున్నాయి. ఒకటి 1912 డిసెంబర్ 2, కడప జిల్లా పొట్టిపాడులో బొమ్మిరెడ్డి నాగిరెడ్డి పుట్టిన రోజు. రెండోది 1947 జూలై, ఆయన అచ్చువేసిన పిల్లల మాసపత్రిక ‘చందమామ’ తొలి సంచిక వచ్చిన నెల. నాగిరెడ్డి పేరు చెప్తే ఇక్కడ అందరికీ ‘మాయాబజార్’ గుర్తొస్తుంది, విజయా సంస్థ గుర్తొస్తుంది, 1986 నాటి ఫాల్కే పురస్కారం గుర్తొస్తుంది. బొమ్మల కథల చరిత్రలో ఆయన స్థానం మాత్రం ఎవరికీ తట్టదు.

గీత గీయడం చేతకాని మనిషికి కార్టూన్ చరిత్రలో చోటేమిటని ఎవరైనా అడగొచ్చు. దానికి జవాబు ఆ చరిత్రలోనే ఉంది. గోడ మీద వేసిన బొమ్మ ఒకచోటే ఉంటుంది, చూడాలంటే మనమే వెళ్లాలి. కామిక్, కార్టూన్ అనేవి అచ్చులో పుట్టిన కళలు, అవి మనింటికే వస్తాయి. ఐరోపాలో బొమ్మల కథకు ఆద్యుడిగా చెప్పుకునే స్విస్ బడిపంతులు రొడాల్ఫ్ తోఫర్ 1830లలో తన కథలను రాతి అచ్చులో వేశాడు. రాతి అచ్చు అంటే సన్నరేణువుల సున్నపురాయితో అచ్చు తీసే పద్ధతి. ఆ రాయి లేకపోతే తోఫర్ బొమ్మలు ఆయన శిష్యులు చూసి నవ్వుకోవడంతో సరిపోయేవి. రంగుల ఆదివారం సంచిక లేకపోతే ఆ బోడిగుండు పిల్లాడూ లేడు. ఆంధ్రపత్రిక, భారతి లేకపోతే తలిశెట్టివారి కార్టూన్లను మనం చూసేవాళ్లమే కాదు. శ్రీశైలం ప్రాకారం మీద వరసలు వరసలుగా చెక్కిన ఏనుగులు, వేటలు, కిరాతార్జునుల కథ ఉండగా 1947 నుంచి లెక్కపెట్టడమేమిటనే మాట కూడా వినిపిస్తుంది. ఆ శిల్పులకు దండం పెట్టాల్సిందే. కానీ ఆ గోడను చూడటానికి కొండెక్కాలి. నెలనెలా పల్లెకు వచ్చి, చేతులు మారి, చిరిగేదాకా తిరిగిన బొమ్మ ఇంకో జాతిది. దాని చరిత్ర అచ్చు యంత్రం దగ్గరే మొదలవుతుంది.

నాగిరెడ్డి ఆ యంత్రం మనిషి. మద్రాసులో ఆయనది బి.ఎన్.కె. ప్రెస్. చందమామ ఆలోచన ఆయన సహచరుడు చక్రపాణిది, దాన్ని మోసిన చేతులు నాగిరెడ్డివి. తెలుగులో, తమిళంలో ఒకేసారి మొదలై, 1949లో కన్నడానికీ హిందీకీ, 1955లో ఇంగ్లీషుకూ, ఆ తర్వాత ఇంకా చాలా భాషలకూ వెళ్లింది. ఆ రోజుల్లో బొమ్మను అచ్చులోకి తేవడం ఎంత పనో కాస్త చూడాలి. బొమ్మను ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, యాసిడ్‌తో తొలిచి, దిమ్మెకు కొట్టి బ్లాకు తయారుచేసేవాళ్లు. రంగుకొక బ్లాకు. ఒక రంగు ఆరాక దాని మీద మరో రంగు పడాలి. కాగితం వెంట్రుకవాసి జరిగినా రాకుమారి పెదవుల ఎరుపు గడ్డం మీదికి దిగుతుంది. దీనికి భాషల చిక్కు తోడైంది. బొమ్మ అన్ని భాషలకూ ఒకటే, దాని చుట్టూ ఉండే అక్షరాలే మారతాయి. తెలుగులో నాలుగు వరసల్లో ఒదిగిన మాట ఇంకో భాషలో ఐదు వరసలు పట్టొచ్చు. బొమ్మ జరగదు కాబట్టి మాటే సర్దుకోవాలి. ఈ ఒక్క సంగతి చాలు, చందమామలో బొమ్మ కథకు అలంకారం కాదనడానికి. పేజీకి లెక్క చెప్పేది బొమ్మే, కథ దాని చుట్టూ తీరుగా కూర్చునేది.

అయినా అది కామిక్ కాదు కదా, గళ్లు లేవు, పాత్రల నోటి పక్క మాటల బుడగలు లేవు అనే అభ్యంతరం గట్టిదే. శాస్త్రం ప్రకారం చందమామ బొమ్మల పత్రికే తప్ప కామిక్ పుస్తకం కాదు. కానీ 1950ల సంచికల్లో దాసు, వాసు అనే ఇద్దరు పిల్లలు, టైగర్ అనే కుక్క నడిపిన ‘చిత్రకథ’ చూసినవాళ్లు ఆ గీటు అంత కచ్చితంగా గీయలేరు. గీసింది చిత్ర అనే సంతకంతో మనకు తెలిసిన టి.వి. రాఘవన్. మన దేశంలో కామిక్స్ చరిత్ర చెప్పేవాళ్లు చాలామంది 1964 నాటి ఇంద్రజాల్ కామిక్స్‌తో, 1967 నాటి అమర చిత్ర కథతో మొదలుపెడతారు. అమర చిత్ర కథ పుట్టేనాటికి చందమామకు ఇరవయ్యేళ్లు. ఇక శంకర్ గీసిన విక్రమార్కుడి బొమ్మ సంగతి. ఒక చేతిలో దూసిన కత్తి, భుజం మీద వేలాడే శవం, కాళ్ల దగ్గర పుర్రెలు, ముందుకు పడుతున్న అడుగు. వెనక్కి లాగే బరువూ, ముందుకు తోసే పట్టుదలా ఒకే గీతలో పట్టుబడ్డాయి. ఏళ్ల తరబడి బేతాళ కథల శీర్షికకు ఆ బొమ్మే తలకట్టు. పాత బేతాళ కథలు పాతికే అయినా చందమామలో అవి దశాబ్దాల పాటు నడిచాయి. కథ మారేది, ప్రశ్న మారేది, ఆ బొమ్మ మాత్రం మారేది కాదు. చూడగానే గుర్తుపట్టే రూపం, నెలనెలా తిరిగొచ్చే పాత్ర, ముగిసినట్టే ముగిసి మళ్లీ చెట్టెక్కే కథ. కామిక్ పాత్రకు ప్రపంచమంతటా ఉన్న లక్షణాలివే. గళ్లు లేనంత మాత్రాన ఆ బలాన్ని కాదనలేం.

ఈ సీమకు ఆ బలం ఎందుకు పనికొచ్చిందో చెప్పాలంటే ఇంకో పేరు తలవాలి. కర్నూలులో 1883లో పుట్టిన గాడిచర్ల హరిసర్వోత్తమరావు. ‘స్వరాజ్య’ పత్రికలో రాతలకు 1908లో జైలుకెళ్లిన మనిషి. తర్వాతి జీవితమంతా గ్రంథాలయాలకూ వయోజన విద్యకూ ధారపోశాడు. ఊరికో గ్రంథాలయం ఉండాలి, పెద్దవాళ్లు కూడా చదవాలి అని ఆయన తిరిగిన కాలంలో చదవడం వచ్చినవాళ్లెందరు? 1951 జనాభా లెక్కల నాటికి దేశం మొత్తం మీద అక్షరాస్యత నూటికి 18 మందే. వానలు లేక పంటలు పోయే మెట్ట పల్లెల్లో పరిస్థితి ఏం గొప్పగా ఉంటుంది? అలాంటి చోట పేజీకో బొమ్మ ఉన్న పత్రిక చేసే పని వేరు. చదవడం వచ్చిన ఒక్కరు పైకి చదువుతుంటే, రానివాళ్లు బొమ్మలో కథను వెతుక్కోవచ్చు. కథ ఎంతవరకు వచ్చిందో వేలు పెట్టి చూపొచ్చు. మరుసటి నెల సంచిక రాకముందే అక్షరాలు కూడబలుక్కునే పిల్లలు తయారవుతారు. గ్రంథాలయోద్యమం కట్టిన అరల్లోకి పిల్లల్ని రప్పించినవాటిలో ఈ బొమ్మల పత్రికకు పెద్ద వాటా ఉంది. సీమ చదువుల చరిత్రలో గాడిచర్లనూ నాగిరెడ్డినీ పక్కపక్కన పెట్టి చూడకపోవడం మన లోపమనే అంటాను.

మద్రాసులో జరిగినదాన్ని కడప ఖాతాలో ఎలా వేస్తారని కొందరికి అనుమానం రావచ్చు. 1947లో కడప, కర్నూలు రెండూ మద్రాసు ప్రెసిడెన్సీలోనివే. కడప నుంచి మద్రాసుకు నేరుగా రైలు దారి ఉంది. చదువుకూ, వ్యాపారానికీ, సినిమాకూ ఈ జిల్లాల జనం వెళ్లిన పట్నం అదే. నాగిరెడ్డి అన్న, దర్శకుడు బి.ఎన్. రెడ్డి కూడా ఆ దారినే వెళ్లాడు. తలిశెట్టి పుట్టింది నేటి ఒడిశాలోని జయపురంలో, బాపు నరసాపురంలో పుట్టి మద్రాసులో స్థిరపడ్డాడు. వాళ్లను తెలుగువాళ్లంతా మనవాళ్లని చెప్పుకుంటున్నప్పుడు పొట్టిపాడు మనిషికి వేరే కొలబద్ద ఎందుకు? మద్రాసును లెక్కలోంచి తీసేస్తే తెలుగు పత్రికల చరిత్రలో సగం పోతుంది.

నాకు అన్నిటికన్నా బరువుగా తోచే అభ్యంతరం ఇంకొకటుంది. కామిక్స్ చరిత్రలో అచ్చువేసినవాళ్లు గీసినవాళ్లను ముంచిన సందర్భాలు తక్కువేం కాదు. సూపర్‌మాన్‌ను సృష్టించిన సీగెల్, షుస్టర్ అనే ఇద్దరు కుర్రాళ్లు 1938లో 130 డాలర్లకు హక్కులన్నీ ధారాదత్తం చేసి, తర్వాత ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ తిరిగారు. అలాంటప్పుడు ప్రచురణకర్త పుట్టినరోజును పండగ చేయడం న్యాయమా? చందమామలో మాత్రం బొమ్మ వేసినవాళ్ల సంతకం బొమ్మ మీదే ఉండేది. చిత్ర, శంకర్, వపా అన్న ఆ సంతకాలు పాఠకులకు కంఠతా వచ్చు. కథ రాసినవాళ్లకు ఆ భాగ్యం లేదు. ‘తోకచుక్క’, ‘రాకాసిలోయ’, ‘పాతాళదుర్గం’ లాంటి సీరియళ్లతో పిల్లల్ని నెలంతా నిద్రపోనివ్వని దాసరి సుబ్రహ్మణ్యం పేరు వాటి కింద ఉండేది కాదు. ఆ పత్రికకు పలుకుబడి నేర్పిన కొడవటిగంటి కుటుంబరావు తన మరణం దాకా, అంటే 1980 దాకా, తెరవెనకే పనిచేశాడు. ఇది సంస్థ పద్ధతి కావచ్చు, కానీ అన్యాయం అన్యాయమే. అందుకే ఈ పండగ నాగిరెడ్డి నిలువెత్తు పటానికి దండ వేయడంతో ముగిస్తే నేను ఒప్పుకోను. ఆయన గొప్పతనం అంతమందిని ఒక కప్పు కింద చేర్చి, దశాబ్దాల పాటు పని ఇవ్వడంలో ఉంది. కాబట్టి ఆయన రోజున ఆ కప్పు కింద ఉన్నవాళ్లందరి పేర్లూ పలకాలి. 2020లో కన్నుమూసిన శంకర్‌కు పద్మశ్రీ ఆ మరుసటేడు, ఆయన పోయాక ప్రకటించారు. అంత ఆలస్యం ఇంకెవరి విషయంలోనూ జరగకూడదు.

చందమామలో సీమ ఎక్కడుందని అడిగితే మాత్రం నా దగ్గర సమాధానం లేదు. ఆ బొమ్మల్లో కోటలున్నాయి, పూలతోటలున్నాయి, నిండుగా పారే నదులున్నాయి. వపా ముఖచిత్రాల్లో పచ్చదనం కళ్లకు పండగ. నాపరాళ్లు కప్పిన ఇల్లు, ఎండిన వంక, వేరుశనగ చేను, గుట్టల మధ్య గొర్రెల మంద వెతికినా దొరకడం కష్టం. పొట్టిపాడు మనిషి నడిపిన పత్రికలో పొట్టిపాడు నేల కనిపించలేదు. అనగనగా ఒక రాజ్యం అని మొదలయ్యే కథకు ఊరూ జిల్లా అక్కర్లేదని, అందుకే అన్ని భాషల పిల్లలూ దాన్ని సొంతం చేసుకున్నారని ఒక వాదన ఉంది. అది సగం నిజం. మిగతా సగం ఏమిటంటే, ఈ నేల కథలను గీయించాలనే పట్టుదల ఆ తర్వాత కూడా ఎవరికీ కలగలేదు. 1876-78 ధాత కరువు ఒక బొమ్మల పుస్తకానికి సరిపడే విషాదం. పడవలు నడపడానికీ పొలాలు తడపడానికీ తవ్విన కర్నూలు-కడప కాలువ, సుంకేసుల నుంచి కడప దాకా రెండు జిల్లాలనూ కుట్టిన ఆ నీటిదారి, ఇంకో పుస్తకం. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయి, మూడేళ్లకే కాకుండాపోయిన కథ రాజకీయ కార్టూన్‌కు సరిపోయే సరుకు. వీటిని నెమరేసుకునే పెద్దలు ఉన్నారు, వ్యాసాలు రాసినవాళ్లూ ఉన్నారు. పదేళ్ల పిల్ల చేతికి అందే బొమ్మల రూపంలోకి మాత్రం ఇవి రావాల్సినంతగా రాలేదు.

నాగిరెడ్డి శతజయంతి 2012లో వచ్చింది. 2013 నాటికి చందమామ ఆగిపోయింది. ఆ రెండూ అంత దగ్గరగా జరగడం బాధే. 2027 జూలైకి తొలి సంచికకు 80 ఏళ్లు నిండుతాయి. సిద్ధం కావడానికి అది మంచి గడువు. పన్నెండు నెలల సంచికలను కుట్టించి అట్ట వేయించుకున్న ఇళ్లు ప్రొద్దుటూరులో, నంద్యాలలో, ఆదోనిలో ఇంకా ఉంటాయి. చెదలు పట్టకముందే వాటిని అడిగి తెచ్చి, పేజీ పేజీ స్కాన్ చేసి, ఏ బొమ్మ ఎవరిదో, ఏ కథ ఎవరు రాశారో కింద రాసిపెట్టే పని కడపలోని బ్రౌన్ గ్రంథాలయం లాంటి చోట మొదలుకావచ్చు. కర్నూలు, కడప బడుల్లో డ్రాయింగ్ మాస్టార్లు కాలువ కథనో కరువు కథనో తీసుకుని, పిల్లలచేత ఎనిమిది పేజీల చిత్రకథ వేయించి డిసెంబర్ 2న గోడకు అంటించవచ్చు. దానికి ఖర్చు కాగితాలదే. బొమ్మ కింద గీసిన పిల్లల పేరు, కథ రాసిన పిల్లల పేరు రెండూ పెద్ద అక్షరాల్లో ఉండాలి.