మీకు తెలుసా? డాలర్ నోటుకు ఎన్ని మారుపేర్లో!

● గ్రీన్‌బ్యాక్: అంతర్యుద్ధం మొదలైన 1861లో ఖర్చులకు చాలక అమెరికా ప్రభుత్వం కాగితం నోట్లు అచ్చువేసింది. వాటి వెనకవైపు ఆకుపచ్చ సిరా వాడటంతో ఈ పేరు పడింది.

● బక్: ఒక డాలర్. బక్ అంటే మగ జింక. 18వ శతాబ్దంలో అమెరికా అటవీ ప్రాంతాల్లో జింక తోళ్లిచ్చి సరుకులు కొనేవారు. 1748 నాటి ఓ డైరీలో పీపా విస్కీ ధర ఐదు బక్‌లని రాసి ఉంది.

● ఫిన్: ఐదు డాలర్ల నోటు. యూదు వలసదారుల యిడ్డిష్ భాషలో ఐదుకున్న మాట నుంచి వచ్చింది.

● సాబక్: పది డాలర్లు. పాత నోట్లపై పదిని సూచించే రోమన్ అంకె ‘ఎక్స్’ ఉండేది. దుంగలు కోసేందుకు ఆనించే కొయ్య చట్రం అచ్చం అలాగే ఉంటుంది. దాని పేరే నోటుకూ వచ్చింది. ఇరవై డాలర్లయితే ‘డబుల్ సాబక్’!

● సి-నోట్, బెంజమిన్: రెండూ వంద డాలర్ల నోటు పేర్లే. రోమన్ అంకెల్లో ‘సి’ అంటే వంద. నోటు మీది బొమ్మ బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ది.

● డెడ్ ప్రెసిడెంట్స్: నోట్లన్నిటినీ కలిపి ‘చనిపోయిన అధ్యక్షులు’ అని పిలుస్తారు. కానీ ఫ్రాంక్లిన్, పది డాలర్ల నోటు మీది అలెగ్జాండర్ హామిల్టన్ ఎన్నడూ అధ్యక్షులు కాలేదు.

● గ్రాండ్: వెయ్యి డాలర్లు.

ఇంతకీ, డాలర్ ‘కాగితం’ నిజానికి మామూలు కాగితం కాదు. అందులో 75 శాతం పత్తి, 25 శాతం అవిసె నార!