మా పెరట్లో లారీ

పెరడున్నవాళ్లు ఆవును పెంచుతారు. ఆవు లేకపోతే నాలుగు వంగమొక్కలూ, ఓ ఆనపపాదూ పెంచుతారు. నేను 2013 నుంచి ఓ లారీని పెంచుతున్నాను.

లారీ అంటే ఇసుక తోలే పెద్ద లారీ అనుకునేరు. అంత కాదు. ఎఫ్.సి. 150 అని, జీపుల వంశంలో పుట్టిన పొట్టి ట్రక్కు. అమెరికాలో విల్లీస్ వారు 1956 చివర దీన్ని బజారులోకి తెచ్చారు. రూపం గీసినాయన బ్రూక్స్ స్టీవెన్స్. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య ఎడం 81 అంగుళాలే. దీనికి ముక్కు లేదు. ముక్కు ఉండవలసిన చోట డ్రైవరు కూర్చుంటాడు. ఇంజనేమో ఆయన పక్కనే, రెండు సీట్ల మధ్య, రేకు పెట్టెలో ఉంటుంది. 1949లో బొంబాయి మజగాఁవ్‌లో జీపులు బిగించడం మొదలుపెట్టిన మహీంద్రా వారు 1965 నుంచి మన దేశంలో ఈ ట్రక్కులు కూడా తయారుచేశారు.

ఇన్ని సంగతులు నాకు మొదట తెలియవు. నాకు తెలిసిందల్లా మా నాన్నగారి ఎడమ కాలి పిక్క మీద మచ్చ. ఆయన మారేడుమిల్లి అడవుల్లో ఓ కాంట్రాక్టరు దగ్గర ఇలాంటి ట్రక్కే నడిపేవారు. ఘాటీ ఎక్కేసరికి పక్కనున్న ఇంజను పెట్టె పెనంలా కాలేదట. కాలికి గోనెపట్టా చుట్టుకుని నడిపేవారు. ఓ రోజు చుట్టుకోవడం మరిచిపోయారు. అదీ మచ్చ కథ.

2013లో పొరుగూరి బియ్యం మిల్లు వెనక, వేపచెట్టు కింద ఈ ట్రక్కు నా కంటపడింది. డ్రైవరు సీట్లో కోడి పొదుగుతోంది. అరవై అయిదు వేలకు బేరం తెగింది. కోడి దిగేదాకా ఆగమన్నాడు మిల్లు యజమాని, ఆగాను. తరవాత ట్రాక్టరుకు కట్టి రాజమండ్రి రోడ్డు మీదుగా ఈడ్చుకొచ్చాను. మా ఆవిడ వాకిట్లో నిలబడి ఆ ఊరేగింపు చూసింది.

"పూటకు ఎన్ని పాలిస్తుందండీ?" అంది.

నాన్నగారు మాత్రం బండి చుట్టూ ఓ ప్రదక్షిణం చేశారు. వంగి కిందకు చూశారు. "బ్రేకులు చూశావుట్రా?" అన్నారు. "చూద్దాం లెండి" అన్నాను. ఈ మాట గుర్తుపెట్టుకోండి.

మొదటి రెండేళ్లూ విప్పడంతోనే సరి. ఇంజను బిగుసుకుపోయింది. ప్లగ్గులు తీసి, ఆ రంధ్రాల్లో కిరసనాయిలూ ఇంజనాయిలూ కలిపి పోసి, పదిహేను రోజులు నానబెట్టాం. పదహారో రోజున పళ్లచక్రం చివర పెద్ద పానా వేసి తిప్పితే, ముసలివాడు దగ్గినట్టు ఓ చప్పుడు చేసి కదిలింది. ఆ రోజు మా ఇంట్లో పాయసం. నెల జీతంలో మిగిలిన అయిదు వందలూ వెయ్యీ పట్టుకుని విజయవాడ ఆటోనగర్ వెళ్లడం, ఓ బేరింగో గాస్కెట్టో సంచిలో వేసుకుని తిరిగి రావడం - ఇలా చాలా ఏళ్లు గడిచాయి. పాపం మా ఆవిడ! ఆ సంచి తీసుకెళ్లి కూరలు తెమ్మంటే గ్రీజు పూసుకున్న దొండకాయలు తెచ్చిన రోజులున్నాయి.

2019లో ఇంజను పలికింది. ఏ మాటకా మాటే చెప్పుకోవాలి. మొదట పలికింది ఇంజను కాదు, కార్బురేటరు. ఈ నాలుగు సిలిండర్ల ఇంజనుకు నిప్పు ఒకటి, మూడు, నాలుగు, రెండు అనే వరసలో అందాలి. నేను బడిపిల్లాడిలా ఒకటి, రెండు, మూడు, నాలుగు అని తీగలు తగిలించాను. ఢామ్మంది. నా కుడి మీసం సగం పోయింది. గోడ మీద కూర్చుని చూస్తున్న ఊరి పిల్లలు చప్పట్లు కొట్టారు. నాన్నగారు వచ్చి, మాట్లాడకుండా మూడు తీగలు అటూ ఇటూ మార్చి వెళ్లిపోయారు. ఈసారి ఇంజను అందుకుంది.

గేర్లు కాక దీనికి మరో రెండు చిన్న లివర్లున్నాయి. ఒకటి ముందు చక్రాలకు కూడా బలం పంపేది. రెండోది వేగం తగ్గించి, బలాన్ని దాదాపు రెండున్నర రెట్లు చేసేది. బురదలో, రాళ్లలో వీటిని మించిన చుట్టాలు లేరు. తారురోడ్డు మీద మాత్రం వాడకూడదు. మలుపు తిరిగేటప్పుడు ముందు చక్రాలు వెనకవాటికన్నా ఎక్కువ దూరం నడవాలి. రెంటినీ కలిపి కట్టేస్తే జారడానికి చోటులేక లోపల పళ్లు మెలిపడి, లివరు వెనక్కి రానంటుంది. "అప్పుడు కాస్త రివర్సు చెయ్యి. అదే వదులుతుంది" అని నాన్నగారు చెప్పారు. మెకానిక్కులు గంట కుస్తీపడే పని అది.

ఇక నా ఘనకార్యం. 2022లో చేతిలో కొంచెం డబ్బు ఆడింది. బ్రేకు గొట్టాలు మార్చాలా, రంగు వేయించాలా? గొట్టాలు ఎవరికీ కనిపించవు. రంగు వీధి వీధంతా చూస్తుంది. ఆకుపచ్చ రంగు వేయించాను. నాన్నగారు మళ్లీ బ్రేకుల సంగతి అడిగారు. "పడుతున్నాయి కదండీ" అన్నాను.

కాగితాలింకా కుదరలేదు గనక బండి రోడ్డెక్కదు. మా మామిడితోటలోనే తిప్పుతాను. ఓ ఆదివారం పన్నెండేళ్ల మా చిన్నవాణ్ణి పక్కన కూర్చోబెట్టుకుని తోటలో పల్లంలోకి దిగుతున్నాను. కింద నేలబావి ఉంది. బ్రేకు తొక్కాను. కాలు నేలకంటా దిగిపోయింది. ఇలాంటి పాత బండ్లలో నాలుగు చక్రాలకూ నూనె ఒకే దారిన వెళుతుంది. ఒక్క చోట గొట్టం పగిలితే నాలుగూ పోయినట్టే. తుప్పు తిన్న గొట్టం వెనక చక్రం దగ్గర పగిలింది. మళ్లీ తొక్కాను; మెత్తగా గాలి. బావి గట్టు పెద్దదవుతోంది. చిన్నవాడు "నాన్నా" అన్నాడు, అంతే.

చేతిబ్రేకు లాగాను. దీనిలో చేతిబ్రేకు చక్రాలను పట్టుకోదు. గేరు పెట్టె వెనక, తిరిగే ఇరుసు మీదున్న డ్రమ్మును పట్టుకుంటుంది. నూనెతో దానికి పనిలేదు. క్లచ్చి తొక్కకపోవడం నా అదృష్టం. బండి గేరులోనే ఉంది. ఓ కుదుపు, ఇంజను ఆగింది, బండీ ఆగింది. దిగి కొలిచాను. గట్టుకు నాలుగడుగులు.

మామిడిచెట్టు కింద కారియరు పట్టుకుని నిలుచున్న మా ఆవిడ ఒక్క మాటా అనలేదు. వచ్చి పిల్లాడి చెయ్యి పట్టుకుని ఇంటికి నడిచింది. మూడు రోజులు మాకు మాటల్లేవు. ఆకుపచ్చ రంగును చూస్తే నాకే కడుపులో తిప్పేది.

నాలుగో రోజు తెల్లవారుజామున పెరట్లో చప్పుడైతే లేచి వెళ్లాను. ఎనభై ఆరేళ్ల నాన్నగారు పీట వేసుకుని, వెనక చక్రం పక్కన పానాతో కూర్చున్నారు. "టార్చి పట్టుకో" అన్నారు. తిట్టి ఉంటే బాగుండేది.

గొట్టాలూ, రబ్బర్లూ అన్నీ కొత్తవి వేశాం. తరవాత లోపలి గాలి తియ్యాలి. అందుకు ఒకరు బ్రేకు తొక్కి పట్టుకోవాలి. ఒకరు చక్రం దగ్గర చిన్న బోల్టు వదులుచేసి, బుడగలు పోయాక బిగించాలి. ప్రధాన సిలిండరుకు అన్నిటికన్నా దూరంగా ఉన్న చక్రంతో మొదలుపెట్టాలి. తొక్కడానికి నేను ఎక్కబోతుంటే మా ఆవిడ చెంగు నడుముకు దోపుకుని వచ్చింది. "మీరు దిగండి. నేనే తొక్కి చూస్తాను" అంది. పిల్లాడి ప్రాణం సంగతి. నా మాట మీద నమ్మకం పోయిందన్నమాట.

"తొక్కమ్మా... పట్టుకో... వదులు" అని నాన్నగారు.

"అలాగే మామయ్యగారూ" అని మా ఆవిడ.

గంటన్నర సాగింది. పాదం కింద పెడలు రాయిలా నిలిచిందని ఆవిడ చెప్పాకే నాన్నగారు పానా కింద పెట్టారు. ఈలోగా బ్రేకు నూనె చింది వెనక రెక్క మీద రంగు పొక్కులుగా లేచి ఊడిపోయింది. మళ్లీ వేయించలేదు.

ఆ సాయంత్రం బండిని తోటకు తీసుకెళ్లాను. పల్లం మొదట్లో ఆపి చూస్తే, నాన్నగారు చెట్టు కింద కూర్చుని ఎడమ కాలికి గోనెపట్టా చుట్టుకుంటున్నారు. చుట్టుకుని, ముడి సరిచూసుకుని, తలుపు దగ్గరకు వచ్చారు.

"జరుగు" అన్నారు.