టైటానియం పీల్చే గాలి

ఇండియా వెళ్ళే ప్రతిసారీ కిటికీ సీటు మా అబ్బాయిదే. పోయిన వేసవిలో రెక్క కింది ఇంజను చూస్తూ, "నాన్నా, లోపల అంత మంట కదా, కరిగిపోదా?" అని అడిగాడు. ఇరవై ఏళ్ళుగా కోడు రాసుకుని బతుకుతున్న నా డిగ్రీ మెటలర్జీ అని ఇంట్లో గుర్తున్నది వాడొక్కడికే. చాలా ఇంజన్లలో చల్లగా ఉండే ముందు భాగాలకి టైటానియం, మంట తగిలే వెనక భాగాలకి నికెల్ మిశ్రమాలు వాడతారని చెప్పాను. ఊరుకుంటాడా? ఇంటికొచ్చాక వెతికి మరీ నిలదీశాడు. "టైటానియం కరిగేది 1668 డిగ్రీల దగ్గర. నికెల్ 1455కే కరుగుతుంది. మరి తిరగేసి పెట్టారేంటి?"

ఒకప్పుడు ఈ విషయంలోనే నేను తప్పు జవాబు రాశాను.

ఫైనలియర్ ప్రాజెక్టుకి హైదరాబాదు నుంచి నాలుగైదు టైటానియం రేకు ముక్కలు సంపాదించాను. 6 శాతం అల్యూమినియం, 4 శాతం వెనేడియం కలిసిన రకం. విమానాల్లో ఎక్కువగా వాడేది ఇదే. వాటిని 700 డిగ్రీల కొలిమిలో వంద గంటలుంచి, పెట్టే ముందూ తీశాకా తూచాలి. స్నేహితులం వంతులేసుకుని రాత్రిళ్ళు కొలిమి పక్కనే పడుకున్నాం. తీరా చూస్తే పెరిగిన బరువు మిల్లీగ్రాముల్లోనే! మామూలు ఇనుమైతే ఈపాటికి పెచ్చులు రాలిపోయేది. "ఈ మిశ్రమం 700 డిగ్రీలను చక్కగా తట్టుకుంటుంది" అని ధీమాగా ముగింపు రాసేశాను.

మా గైడు గారు రిపోర్టు చదివి ఏమీ అనలేదు. ఒక ముక్కని వైస్‌లో బిగించి వంచారు. టక్కున విరిగింది. "బరువెంత పెరిగిందో చూశావు సరే, ఆ పెరిగింది ఎక్కడుందో చూశావా?" అన్నారు.

అల్యూమినియానికి గాలి తగలగానే సన్నటి, చిక్కటి ఆక్సైడు పొర ఏర్పడి, ఆక్సిజన్ ఇంకా లోపలికి పోకుండా తలుపు మూసేస్తుంది. నికెల్ మిశ్రమాల్లో కలిపే క్రోమియం, అల్యూమినియం కూడా చేసేది ఆ పనే. టైటానియానికీ పొర లేకపోలేదు. మామూలు వాతావరణంలో అది మహా గట్టిది, సముద్రపు నీరు కూడా దాన్నేమీ చెయ్యలేదు. కానీ 600 డిగ్రీలు దాటేసరికి ఆక్సిజన్ ఆ పొరలోంచి సులువుగా దూరి, లోహంలోనే కరిగిపోతుంది, నీళ్ళలో పంచదారలాగా. టైటానియంలో నూటికి ముప్ఫై పరమాణువుల దాకా ఆక్సిజన్ ఇమడగలదు. గారె నూనె పీల్చేశాక పైపైన కాగితంతో ఎంత అద్దితే మాత్రం ఏం లాభం? అలా ఆక్సిజన్ పీల్చి గట్టిపడి పెళుసుబారిన భాగాన్ని ఆల్ఫా కేస్ అంటారు. నా ముక్కలో అది మహా అయితే వెంట్రుకంత మందం. పగులు మొదలవడానికి అంత చాలు.

పైగా వేడెక్కిన కొద్దీ బలమూ తగ్గుతుంది. అందుకే నేను పరీక్షించిన రకాన్ని ఎక్కువ కాలం వాడాల్సిన చోట సుమారు 400 డిగ్రీలు దాటనివ్వరు. ప్రత్యేకంగా తయారుచేసిన రకాలైనా 600 దగ్గర ఆగాల్సిందే.

టైటానియానికున్న ఈ పీల్చే గుణం ప్రాణాలు కూడా తీసింది. 1989 జూలై 19న డెన్వర్ నుంచి షికాగో వెళ్తున్న యునైటెడ్ 232 విమానంలో తోక ఇంజను ఫ్యాను డిస్కు పగిలి, మూడు హైడ్రాలిక్ వ్యవస్థలూ పోయాయి. సూ సిటీలో దింపబోతే కూలింది. 112 మంది చనిపోయారు. అక్కడ దోషి ఆక్సిజన్ కాదు, దాని తోబుట్టువు లాంటి నైట్రోజన్. లోహం తయారీలోనే అది చేరి పెళుసుబారిన చిన్న మచ్చ డిస్కులో ఉండిపోయింది. అక్కడ పుట్టిన పగులు ఏళ్ళ తరబడి పెరిగినా తనిఖీల్లో దొరకలేదు.

ఇప్పుడు వేడిచేసిన భాగాల మీది ఆల్ఫా కేస్‌ని యాసిడ్‌తో పూర్తిగా కరిగించి తీసేస్తారు, లేదా శూన్యంలోనే వేడిచేస్తారు. పరమాణువుల్లో దాదాపు సగం అల్యూమినియమే ఉండే టైటానియం అల్యూమినైడ్ ఇంకా ఎక్కువ వేడికి ఓర్చుకుంటుంది. 2011లో వాడకంలోకి వచ్చిన జీఈఎన్ఎక్స్ ఇంజన్లో చివరి టర్బైను వరసల బ్లేడ్లు దాంతో చేసినవే. నికెల్ బ్లేడ్లతో పోలిస్తే బరువు సగమే.

ఇదంతా చెప్పి, పాత పెట్టెలో దాచిన ఆ విరిగిన ముక్క తెచ్చి మావాడి చేతిలో పెట్టాను. వాడు గోటితో పై పొర గీకి, "కింద మెరుస్తోందిగా నాన్నా, బాగానే ఉంది" అన్నాడు.

నేనూ అలాగే రాశానురా అన్నాను.