బిళ్ళ నమిలితే సిగరెట్టు మానతారా?

“ఇదీ దండగే!” అంటూ మావారు నికోటిన్ గమ్ పెట్టెను బల్లమీద పడేశారు. వారం రోజులుగా నమిలితే మిగిలింది ఎక్కిళ్ళు, కడుపులో మంట. సిగరెట్టు మాత్రం ఆగలేదు. ఇరవై ఏళ్ళ అలవాటు మరి! కొనిపించింది నేనే కాబట్టి విసుర్లూ నామీదే.

డాక్టరు గారిని అడిగితే, తప్పు బిళ్ళది కాదు, నమిలిన తీరుదని తేలింది. ఈయన కాఫీ తాగుతూనే నోట్లో వేసుకుని, పిల్లలు బబుల్‌గమ్ నమిలినట్టు గబగబా నమిలేసేవారు. అలా కాదట. నెమ్మదిగా నమలాలి. నోరు చురుక్కుమనగానే ఆపి, బుగ్గకూ చిగురుకూ మధ్య పెట్టుకోవాలి. చురుకు తగ్గాక మళ్ళీ నమలాలి. ఇలా అరగంట. నికోటిన్ నోటిలోంచే రక్తంలో కలవాలి, కడుపులోకి పోతే మంటే. కాఫీ తాగితే పావుగంట ఆగాలి. నిద్ర లేచిన అరగంటలోపే సిగరెట్టు వెలిగించే వాళ్ళకు 4 మిల్లీగ్రాములది, మిగతా వాళ్ళకు 2 మిల్లీగ్రాములది వాడమంటారు. సుమారు మూడు నెలల్లో తగ్గించుకుంటూ మానెయ్యాలి. గుండెజబ్బు ఉన్నవాళ్ళు, గర్భిణులు ముందే డాక్టరును అడగాలి.

“మళ్ళీ నికోటినే ఇస్తే ఏం లాభమండీ?” అన్నాను. అలవాటు చేసేది నికోటినే అయినా, కాన్సర్ తెచ్చేది ముఖ్యంగా పొగలోని తారు లాంటి విషాలట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2009లో ఈ గమ్‌ను అత్యవసర మందుల జాబితాలో చేర్చింది. వందకు పైగా అధ్యయనాలను కలిపి చూసిన 2018 నాటి కాక్రేన్ సమీక్ష, ఇలాంటి నికోటిన్ మందులతో మానగలిగే అవకాశం 50 నుంచి 60 శాతం పెరుగుతుందని చెప్పింది. అయినా వాడిన వాళ్ళలో మానలేని వాళ్ళే ఎక్కువ. అంటే బిళ్ళ ఊతకర్రే, నడవాల్సింది మనిషే.

“ఈ-సిగరెట్టు తెప్పించనా అత్తా?” అన్నాడు మా మేనల్లుడు. వాటితోనూ కొందరు మానినట్టు విదేశీ పరిశోధనలున్నా, మన దేశంలో 2019 నుంచి వాటి అమ్మకం నేరం. ఇక సిగరెట్టు మాని ఖైనీ, గుట్కా పట్టడమంటే పెనం మీంచి పొయ్యిలో పడటమే!

రెండోసారి మొదలుపెట్టాక నేనూ ఒకటి మానేశాను, సాధించడం. భోజనం కాగానే ఇద్దరం వీధి చివరిదాకా నడిచి వస్తున్నాం. మధ్యలో ఓ పెళ్ళిలో ఒకటి కాల్చి, దొంగలా ఇంటికొచ్చారు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, బిళ్ళ చేతిలో పెట్టాను. ఆ తర్వాత ఎనిమిది నెలలైంది, ముట్టలేదు.

మీ ఇంట్లోనూ ఒకసారి ఓడిపోయిన వాళ్ళుంటే, “నీవల్ల కాదులే” అనకండి. 1800-11-2356కు ఉచితంగా ఫోన్ చేయించండి. రెండోసారికి మీరు తోడుండండి.