బ్రేకుల్లో కావలివాడు

పిల్లలూ! మీలో సైకిలు తొక్కేవాళ్లు చాలామంది వుంటారు. ఒకసారి మీ సైకిలు దగ్గిరకు వెళ్లి, చక్రానికి అటూ ఇటూ వుండే బ్రేకు రబ్బర్లను చూడండి. కొత్తవైతే దళసరిగా వుంటాయి. పాతవైతే అరిగి అరిగి బిళ్లల్లాగా పలచబడి వుంటాయి. అవి ఎంత అరిగిందీ మీ కంటికే కనబడుతుంది కనక, మార్చవలసినప్పుడు నాన్నగారితో చెప్పి మార్పించుకుంటారు.

మోటారు కారు సంగతి అట్లా కాదు. దాని బ్రేకులు చక్రం చాటున దాగి వుంటాయి. చక్రం విప్పితేగాని సరిగా కనపడవు. కారు నడిపే మనిషి రోజూ చక్రాలు విప్పి చూసుకోలేడు గద! మరి బ్రేకులు అరిగిపోయిన సంగతి అతనికి ఎవరు చెబుతారు? ఒక చిన్న తీగె ముక్క చెబుతుంది. అది ఎట్లా చెబుతుందో తెలుసుకోవాలంటే ముందు కారు ఎట్లా ఆగుతుందో తెలియాలి.

కారు ముందు చక్రాలతోబాటు ఒక గుండ్రని ఇనుప పళ్లెం తిరుగుతూ వుంటుంది. దీన్ని డిస్కు అంటారు. డిస్కుకు లోపలివైపు ఒకటి, బయటివైపు ఒకటి, రెండు దళసరి బిళ్లలు వుంటాయి. వీటినే బ్రేకు ప్యాడ్లు అంటారు. ప్యాడుకు వెనక ఉక్కు రేకు, ముందు రాపిడికి తట్టుకునే పదార్థం వుంటాయి. కాలితో బ్రేకు తొక్కగానే గొట్టాలలోని బ్రేకు ఆయిలు ఆ ఒత్తిడిని చక్రం దాకా మోసుకుపోతుంది. మూసిన పాత్రలో వున్న ద్రవం మీద ఒకచోట ఒత్తిడి కలిగిస్తే, ఆ ఒత్తిడి అన్నివైపులకూ సమానంగా పాకుతుందని ఫ్రాన్సు దేశపు బ్లేజ్ పాస్కల్ (1623-1662) చెప్పిన సూత్రం మీకు పాఠాల్లో వచ్చే వుంటుంది. ఆ ఒత్తిడికి ప్యాడ్లు రెండూ డిస్కును రెండు అరచేతుల మధ్య అప్పడంలాగా పట్టి నొక్కుతాయి. చక్రం ఆగుతుంది.

చక్రం ఆగింది, సరే. దాని వేగం ఏమైంది? శక్తి ఎక్కడికీ మాయమైపోదు. అది వేడిగా మారింది. 1200 కిలోల బరువున్న కారు గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోతూ ఆగిందనుకోండి. అప్పుడు పుట్టే వేడితో 30 డిగ్రీల దగ్గిర వున్న అర లీటరు నీళ్లను తెర్లబెట్టవచ్చు. వేగం రెండింతలైతే వేడి నాలుగింతలవుతుంది!

ఇక తిరుమల కొండ మీదనుంచి కిందికి దిగే కారును తలుచుకోండి. కొండకూ కింది పట్నానికీ ఎత్తులో తేడా ఒక 650 మీటర్లు వేసుకుందాం. అదే 1200 కిలోల కారును అంత ఎత్తునుంచి ఉత్త బ్రేకుల మీదనే దింపితే, పాతిక లీటర్ల నీళ్లు తెర్లేంత వేడి పుడుతుంది. పెళ్లిలో గుండిగెడు నీళ్లు కాచినంత! నిజానికి తెలిసిన డ్రైవర్లు చిన్న గేరులో దిగుతారు కనక అందులో చాలాభాగం ఇంజనే భరిస్తుంది. అయినా ఘాటు రోడ్డు దిగేటప్పుడు డిస్కులు కొన్ని వందల డిగ్రీలు వేడెక్కటం సాధ్యమే. అంత వేడికీ, అంత రాపిడికీ ఓర్చేది ఆ ప్యాడు పదార్థమే. కొత్తగా వున్నప్పుడు దాని మందం సుమారు పది పన్నెండు మిల్లీమీటర్లు, అంటే మీ చూపుడువేలు మందం కూడా వుండదు.

ఈ మాట నాకు బాగా తెలిసి వచ్చింది ఆ ఘాటు రోడ్డు మీదనే. మా మేనల్లుడు ఒక పాత విదేశీ కారు కొన్నాడు. దర్శనం చేసుకుని, అతనూ నేనూ పిల్లలూ కలిసి కొండ దిగుతున్నాం. ఒక మలుపులో అతను బ్రేకు తొక్కగానే ఎడమ ముందు చక్రంలోంచి రోట్లో ఇసక నూరినట్టు గరగరమని చప్పుడయింది. తరవాతి మలుపులో ఇంకా గట్టిగా వినబడింది. పక్కన చోటు చూసి బండి ఆపించాను.

"ఏరా, ఈ కారులో బ్రేకు దీపమేదీ వెలగలేదా?" అని అడిగాను.

"రెండు నెలల కిందట ఒక పసుపురంగు దీపం వెలిగింది, మామయ్యా. షెడ్డుకు తీసుకుపోతే అయిదు నిమిషాల్లో ఆర్పేశాడు. మంచివాడు, డబ్బులు కూడా తీసుకోలేదు," అన్నాడు.

ఆ కారును మరో బండి మీద ఎక్కించి దింపించవలసి వచ్చింది. చక్రం విప్పి చూస్తే లోపలి ప్యాడులో పదార్థమన్నది మిగలలేదు. ఉక్కు రేకే డిస్కును గీరుతున్నది. డిస్కు మీద దున్నిన చాళ్లలాగా గాట్లు పడ్డాయి. మరి ఆ మంచివాడు చేసిన పని ఏమిటి? తెగిన రెండు తీగెలను మెలిపెట్టి కలిపి, పైన టేపు చుట్టాడు. దీపం ఆరింది. ప్యాడు మాత్రం అరుగుతూనే వుంది.

తీగెలు కలిపితే దీపం ఎందుకు ఆరింది? దీన్ని మీరు ఇంట్లోనే పరీక్షించి చూడవచ్చు. ఒక టార్చి సెల్లు, దానికి తగిన చిన్న బల్బు, పెన్సిలు గీతలు తుడిచే రబ్బరు ఒకటి, ఉప్పు కాగితం ముక్క, సన్నని వైరులోని ఒకే ఒక రాగి పోగు తెచ్చుకోండి. అమ్మనడిగి సూదితో రబ్బరు చివరికి రెండు మూడు మిల్లీమీటర్ల దూరాన అడ్డంగా బెజ్జం చేసి, రాగి పోగును అందులోంచి దూర్చండి. ఆ పోగు ద్వారా సెల్లునూ బల్బునూ కలిపితే బల్బు వెలుగుతుంది. ఇప్పుడు రబ్బరు చివరను ఉప్పు కాగితం మీద ఓపికగా రుద్దండి. రబ్బరు అరిగి అరిగి, రాగి పోగు దాకా వచ్చి, అదీ అరిగి తెగుతుంది. బల్బు టప్పున ఆరిపోతుంది.

కారులో జరిగేది ఇదే. రబ్బరు బదులు ప్యాడు, ఉప్పు కాగితం బదులు డిస్కు. ప్యాడులో ఇంచుమించు మూడు మిల్లీమీటర్లు మిగిలినప్పుడు డిస్కుకు తగిలేటట్టు తీగె మెలికను అమరుస్తారు. ఒక్క తేడా ఏమిటంటే, మీ బల్బు తీగె తెగితే ఆరుతుంది. కారులో అట్లా కాక, తీగెలో విద్యుత్తు ఆగిపోయిందని కనిపెట్టి కారులోని యంత్రం దీపాన్ని వెలిగిస్తుంది. తెగిన కొసలు కలిపితే విద్యుత్తు మళ్లీ పారుతుంది. యంత్రం ప్యాడు బాగానే వుందనుకుంటుంది పాపం!

ఈ ఏర్పాటులో ఒక తెలివి వుంది, గమనించారా? ఎలక కొరికినా, రాయి తగిలినా, ప్లగ్గు వూడినా, ఏ కారణంచేత తీగె తెగినా దీపం వెలుగుతుంది. రాత్రంతా "పారాహుషార్" అని కేకవేసే కావలివాడు కేక మానేస్తే, ఏదో జరిగిందని వూరు లేస్తుంది గద, అట్లాగన్నమాట. మరికొన్ని కార్లలో పద్ధతి తలకిందులుగా వుంటుంది. ఒంటి తీగె కొస ప్యాడులో వుండి, డిస్కుకు తగిలినప్పుడు విద్యుత్తు ప్రవహించి దీపం వెలుగుతుంది. కాని ఆ తీగె దారిలో ఎక్కడైనా తెగిందో, దీపం ఎన్నటికీ వెలగదు. నన్నడిగితే మొదటి పద్ధతే మేలు.

కొన్ని కార్లలో రెండు మెలికలు పెడతారు. మొదటిది తెగగానే విద్యుత్తు ఒక నిరోధకం గుండా పోవలసివస్తుంది. ఆ మార్పును బట్టి యంత్రం, ఇంకా ఎన్ని కిలోమీటర్లు నడవవచ్చునో లెక్కకట్టి అంకెల్లో చూపిస్తుంది.

మన వూళ్లలో తిరిగే చిన్న కార్లలో చాలావాటికి ఈ తీగె వుండదు. వాటి ప్యాడుకు ఒక చిన్న ఉక్కు రేకు నాలుకలాగా తగిలించి వుంటుంది. ప్యాడు బాగా అరిగేసరికి అది డిస్కును తాకి కీచుమని అరుస్తుంది. తమాషా ఏమిటంటే, ఇంగ్లండులో ఫ్రెడరిక్ లాంచెస్టర్ 1902లో డిస్కు బ్రేకుకు పేటెంటు తీసుకున్నప్పుడు, దాని రాగి ప్యాడ్లు చేసే భరించరాని కీచుమోతే దానికి పెద్ద లోపమైంది. ఆ లోపాన్నే ఇప్పుడు పనిగట్టుకుని పెట్టి, కావలివాడి కేకగా వాడుకుంటున్నారు!

బ్రేకు ఆయిలు తొట్టి దగ్గిర కూడా చాలా కార్లలో ఒక దీపం ఏర్పాటు వుంటుంది. ప్యాడ్లు పలచబడినకొద్దీ వాటిని నెట్టే పిస్టను ముందుకు జరుగుతుంది. దాని వెనక ఖాళీని నింపటానికి ఆయిలు కిందికి దిగి, తొట్టిలో మట్టం తగ్గుతుంది. కొందరు ఇది ఎరగక పైనుంచి ఆయిలు పోసేస్తారు. దీపం ఆరుతుంది. కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు పిస్టనును వెనక్కు నెట్టగానే ఆ ఆయిలంతా పొంగి, కారు రంగును తినేస్తుంది. ఆయిలు తగ్గితే ముందు ఎక్కడన్నా కారుతున్నదేమో, ప్యాడ్లు అరిగాయేమో చూడాలి.

ఇక మార్చే పని. ఇది పెద్దల పని. మీరు దూరంగా నిలబడి చూడండి. కారును చదునైన నేలమీద నిలిపి, నేలమీదనే వుండే చక్రాలకు రాళ్లు అడ్డుపెట్టి, జాకీతో ఎత్తాలి. ఉత్త జాకీని నమ్మరాదు. కింద గట్టి స్టాండు పెట్టాలి. చక్రం విప్పినాక తీగె ప్లగ్గు వూడదీసి, పాత ప్యాడ్లు తీసి, పిస్టనును నెమ్మదిగా వెనక్కు నెట్టి కొత్తవి అమరుస్తారు. తెగిన తీగె మళ్లీ పనికిరాదు, కొత్తది వెయ్యవలసిందే. తెగనిదాన్ని మళ్లీ వాడేవాళ్లున్నారు గాని, అది వేడికి పెళుసుబారి వుంటుంది. అది ఎన్నాళ్లు ఆగుతుందో చెప్పలేం. తీగెను పాతది నడిచిన దారినే, అవే క్లిప్పుల్లోంచి తీసుకుపోవాలి. లేకపోతే స్టీరింగు తిప్పినప్పుడు టైరు దాన్ని కోసేస్తుంది. ప్యాడ్లు ఒక్క చక్రానికే వెయ్యకూడదు, ఎదుటి చక్రానికీ వెయ్యాలి. అక్కడి బూడిదను నోటితో ఊదకూడదు.

అంతా బిగించాక బండి కదపబోయే ముందు బ్రేకును నాలుగైదుసార్లు తొక్కాలి. వెనక్కు నెట్టిన పిస్టను ముందుకు రాలేదంటే, మొదటిసారి తొక్కినప్పుడు కాలు నేల తగులుతుందేగాని బండి ఆగదు!

ఇంకొక సంగతి పెద్దలకు. చాలా కార్లలో ఈ తీగె నాలుగు చక్రాలకూ వుండదు. ముందు ఒకదానికి, వెనక ఒకదానికి మాత్రమే పెడతారు. అదీ రెండు ప్యాడ్లలో ఒకదానికే. తీగె లేనివైపు ప్యాడు, జారవలసిన పిన్ను తుప్పుపట్టి బిగిసి, ముందుగా అరిగిపోవచ్చు. దీపం వెలగలేదు గదా అని వూరుకోక, టైర్లు మార్చినప్పుడల్లా నాలుగు చక్రాల ప్యాడ్లనూ చూపించుకోండి.

మా మేనల్లుడి కారుకు డిస్కులతో సహా అన్నీ కొత్తవి వెయ్యవలసి వచ్చింది. అప్పటినుంచి వాళ్ల చిన్నవాడు బండి ఎక్కగానే ముందుకు వంగి దీపాలు చూస్తున్నాడు. చాలా కార్లలో తాళం తిప్పగానే హెచ్చరిక దీపాలు ఒక్కసారి వెలిగి, తమను తాము పరీక్షించుకుని, ఆరిపోతాయి. గుండ్రని గీతకు రెండుపక్కలా ముక్కలు ముక్కలుగా తెగిన వంపుగీతలు వుండేది ప్యాడ్ల దీపం. మీరు ఈసారి కారు ఎక్కినప్పుడు అది వుందేమో వెతికి చూడండి.