మాజీ సైనికులు, వారి సంఘం, వారి ఆరోగ్యం



మన లేపాక్షి, హిందూపురం, పెనుకొండ, ధర్మవరం ప్రాంతాలలో ఏ ఊరికి వెళ్ళి "మిలిట్రీ ఆయన ఇల్లు ఎక్కడ?" అని అడిగినా చిన్న పిల్లలు కూడా దారి చూపిస్తారు. వానలు సరిగా పడని నేల మనది. వేరుశనగ పంట చేతికి రాని సంవత్సరాలు ఎక్కువ. అందుచేత పదో తరగతి అయిన పిల్లలు పట్టాళంలో చేరటం ఇక్కడ కొత్త సంగతి కాదు. మద్రాస్ ఇంజనీర్ గ్రూపు కేంద్రం బెంగుళూరులోనే ఉంది. 2025 మే 9న సరిహద్దు కాల్పులలో అమరుడైన అగ్నివీర్ మురళీ నాయక్ మన గోరంట్ల మండలం కల్లి తాండా బిడ్డ. ఆ వారం ఈ చుట్టుపక్కల మాజీ సైనికులు ఎందరో తమ పాత టోపీలు, మెడల్స్ బయటకు తీసి పెట్టుకొని ఆ తాండా దారి పట్టారు. మా ఆసుపత్రి వార్డులో కూడా ఆ వారమంతా ఇదే మాట.

వీరు తమ తమ పట్టణాలలో సంఘాలుగా కూడుతుంటారు. సంఘం అంటే పెద్ద భవనం, పెద్ద బోర్డు అనుకోవద్దు. చాలా చోట్ల ఒక గది, నాలుగు కుర్చీలు, ఒక రిజిస్టరు, అంతే. జనవరి 14న మాజీ సైనికుల దినం జరుపుతారు. ఫీల్డ్ మార్షల్ కరియప్ప గారు 1953లో ఆ తేదీన పదవీ విరమణ చేశారు గనుక 2016 నుండి ఆ రోజును ఈ విధంగా పాటిస్తున్నారు. డిసెంబరు 7న పతాక దినం. ఇది 1949 నుండి ఉంది. ఆ రోజు చిన్న జెండా మీ చొక్కాకు గుచ్చి డబ్బా ముందుకు చాపితే ముఖం తిప్పుకోకండి, ఆ డబ్బు సైనిక కుటుంబాల సంక్షేమానికి పోతుంది. ఊరిలో ఒక మాజీ సైనికుడు చనిపోతే శవం మీద జెండా కప్పించి, తోటివారందరిని వరుసలో నిలబెట్టి సెల్యూట్ చేయించేది కూడా ఈ సంఘం వారే. మేము వైద్య శిబిరం పెట్టినప్పుడు వరుస నిలబెట్టే పని వీరికి అప్పజెప్తే మాకు నిశ్చింత. పలుకుబడి గలవారు కూడా ముందుకు దూరలేరు!

రక్తం అవసరమైనప్పుడు కూడా వీరికి కబురు పంపుతాము. పద్దెనిమిది నుండి అరవై అయిదు ఏండ్ల వరకు, బరువు 45 కిలోలకు తగ్గకుండా, ఆరోగ్యంగా ఉన్న వారు రక్తం ఇవ్వవచ్చు. మగవారు మూడు నెలలకు ఒకసారి, ఆడవారు నాలుగు నెలలకు ఒకసారి. ఇన్సులిన్ వేసుకునే వారు మాత్రం ఇవ్వకూడదు. ఒక మాజీ హవల్దారు గారు మా మీద కోపగించుకొని వెళ్ళింది ఈ కారణానికే. "నా రక్తంలో ఏమి తక్కువ?" అని ఆయన ప్రశ్న.

ఇంత క్రమశిక్షణ గలవారు తమ శరీరం విషయంలో మాత్రం ఎందుకు అశ్రద్ధగా ఉంటారు అని మేము చాలా సార్లు అనుకున్నాము. కారణం కొంత వారి ఉద్యోగంలోనే ఉంది. సర్వీసులో ఉన్నంత కాలం ప్రతి సంవత్సరం వైద్య పరీక్ష తప్పనిసరి. పిలిచి, నిలబెట్టి, తూచి, కొలిచి, కేటగిరీ వేసి పంపుతారు. సిపాయి పదిహేను, పదిహేడు సంవత్సరాలకు పింఛనుతో ఇంటికి వస్తాడు. అప్పటికి వయస్సు ఇంకా నలభై నిండదు. ఆ రోజు నుండి పిలిచేవారు లేరు. పొద్దున్నే పరుగు ఆగిపోతుంది, తిండి మాత్రం ఆగదు. మూడు పూటలా అన్నం, రాత్రికి ముద్ద, కుర్చీలో కూర్చునే సెక్యూరిటీ ఉద్యోగం. బెంగుళూరులో రాత్రి డ్యూటీ చేసి పగలు నిద్రపోయే వారికి మందు వేసుకునే వేళ కూడా తప్పిపోతుంది. యాభై ఏండ్లకు మా దగ్గరకు వచ్చేసరికి షుగరు, బి.పి. రెండూ కలిసి ఉంటాయి. "నాకేమి లేదు సిస్టర్, నేను ఫిట్" అంటారు. ఫిట్ అని రాసిన కాగితం పన్నెండు సంవత్సరాల క్రిందటిది!

అందుచేత మాజీ సైనికులకు మా మనవి: సర్వీసులో ఏ నెలలో మీ వైద్య పరీక్ష జరిగేదో అదే నెలలో ప్రతి సంవత్సరం బి.పి., పరగడుపున, భోజనం తరువాత షుగరు, మూత్రం, కండ్లు చూపించుకోండి. పిలుపు రాలేదని ఊరుకోవద్దు.

చెవులు, పాదాలు

ఫిరంగి దళంలోను, ట్యాంకుల మీద, పెద్ద వాహనాల మీద పనిచేసిన వారికి చెవుడు త్వరగా వస్తుంది. లోపలి చెవిలో సన్నని వెంట్రుకల వంటి కణాలు ఉంటాయి. పెద్ద శబ్దానికి అవి దెబ్బ తింటే తిరిగి మొలవవు. మొదట పోయేది సన్నని స్వరం. అందుకే ఆయనకు మగవారి మాట వినిపిస్తుంది, భార్య మాట, మనుమరాలి మాట అర్థం కాదు. ఇంటిలో "కావాలనే వినడు" అని తగవు. కావాలని కాదమ్మా, నిజంగానే వినిపించదు. ఎదురుగా నిలబడి, ముఖం కనబడేటట్లు, కేకలు వేయకుండా నిదానంగా మాట్లాడండి. చెవిలో నూనె కాచి పోయవద్దు. ఎప్పుడూ ఝుమ్మని శబ్దం వినబడుతున్నా చూపించండి. వినికిడి యంత్రం పెట్టుకోవటం అవమానం కాదు. కండ్లద్దాలు పెట్టుకోవటానికి సిగ్గుపడని వారు దీనికి ఎందుకు సిగ్గుపడతారో మాకు తెలియదు.

మంచు ప్రాంతాలలో, సియాచిన్ వంటి చోట్ల పనిచేసిన వారిలో కొందరికి కాలివేళ్ళు చలికి దెబ్బతిని స్పర్శ తగ్గి ఉంటుంది. మన ఎండలో ఉండి ఆ మంచు సంగతి మరచిపోతారు. దాని మీద షుగరు వస్తే పాదం పూర్తిగా మొద్దుబారుతుంది. ముల్లు గుచ్చుకున్నా, రాయి కోసినా తెలియదు. వైశాఖ మాసంలో చెప్పులు లేకుండా బండల మీద నడిచి బొబ్బలతో వచ్చిన వారిని చూశాము. ప్రతి రాత్రి పాదాలు కడిగి, తుడిచి, అద్దం పెట్టుకొని అరికాలు చూసుకోవాలి. వెనుక పట్టీ ఉన్న చెప్పులు వాడాలి. సలుపు లేని పుండే ఎక్కువ ప్రమాదకరం, ఎందుకంటే నొప్పి లేదని పది రోజులు ఇంటిలోనే ఉంచుకుంటారు. ఆ పది రోజులలో వేలు పోతుంది, కొన్నిసార్లు కాలు కూడా.

క్యాంటీను సీసా గురించి

ఇది రాయాలా వద్దా అని ఆలోచించాము. రాయకపోతే ఉపయోగం లేదు. అందరూ త్రాగుతారని మేము అనటం లేదు. సంఘంలోనే చుక్క ముట్టనివారు, ప్రతి ఆదివారం గుడిలో ముందు బల్ల మీద కూర్చునేవారు ఉన్నారు. అయితే క్యాంటీను నుండి తక్కువ ధరకు వస్తుంది గనుక, ప్రతిరోజూ అలవాటుగా తీసుకునే వారు ఉన్నారు. వారు హెర్నియాకో, విరిగిన చెయ్యికో మా వద్ద చేరతారు. త్రాగుడు ఉందా అని అడిగితే ఇంటివారు పరువు కోసం లేదంటారు.

అలవాటు ఉన్న మనిషికి ఒక్కసారిగా సారాయి ఆగిపోతే మొదటి రోజునే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి. రెండో రోజుకు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు లేని మనుషులు కనిపిస్తారు, మంచం దిగి పరుగెడతాడు, సెలైన్ సూది పీకి వేస్తాడు. బంధువులు దయ్యం పట్టిందంటారు, ఆపరేషన్ వికటించిందంటారు. రెండూ కావు. ఇది ప్రాణం తీయగల స్థితి. ముందుగా తెలిస్తే మందులు, విటమిన్ ఇంజెక్షన్లు వేసి రాకుండా చూడవచ్చు. చేర్చే రోజు నర్సు అడిగినప్పుడు నిజం చెప్పండి. మేము నవ్వము, ఎవరికీ చెప్పము. అలాగే ఇంటిలో "రేపటి నుండి బంద్" అని కట్టివేయవద్దు. మానిపించాలంటే డాక్టరు గారి ఆధ్వర్యంలో మానిపించాలి.

రాత్రిళ్ళు అరచి లేచేవారు, టపాకాయ చప్పుడుకు వణికేవారు, ఎవరితోను మాట్లాడకుండా పొలంలో కూర్చునేవారు కూడా ఉన్నారు. ఇది పిరికితనం కాదు. చూడరానివి చూసిన మనస్సుకు తగిలిన గాయం. దీనికి వైద్యం ఉంది. బెంగుళూరు నిమ్‌హాన్స్ మనకు దగ్గరే. టెలి మానస్ అనే ఉచిత ఫోను సేవ 2022 అక్టోబరు 10 నుండి ఉంది, నంబరు 14416, రాత్రి పగలు పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు.

కార్డు, కాగితాలు

మాజీ సైనికుల ఆరోగ్య పథకం, అందరూ ఇ.సి.హెచ్.ఎస్. అంటారు, 2003 ఏప్రిల్ 1న మొదలైంది. పింఛను పొందే మాజీ సైనికులు, వారి భార్య లేక భర్త, ఆధారపడిన పిల్లలు, తల్లిదండ్రులు ఇందులో చేరవచ్చు. ఒక్కొక్కరికి ఒక్కొక్క కార్డు ఉండాలి. ఆయన కార్డు మీద ఆమెకు వైద్యం జరగదు. మామూలు జబ్బుకు ముందు పాలిక్లినిక్‌కు వెళ్ళాలి, అక్కడి నుండి రాసి ఇస్తే జాబితాలో ఉన్న ఆసుపత్రికి వెళ్ళాలి. జాబితా మారుతూ ఉంటుంది గనుక అప్పటికప్పుడు అడిగి తెలుసుకోవాలి.

ప్రాణాపాయం అయితే ఈ క్రమం అక్కరలేదు. గుండె నొప్పి వచ్చినప్పుడు "ముందు పాలిక్లినిక్, తరువాత ఆసుపత్రి" అని బస్సు కోసం నిలబడవద్దు. దగ్గరలో ఉన్న ఏ ఆసుపత్రికైనా వెళ్ళండి. అది జాబితాలో లేని ఆసుపత్రి అయితే 48 గంటలలోపు దగ్గరి పాలిక్లినిక్‌కు తెలియజేయాలి. తరువాత బిల్లులు, డిశ్చార్జి కాగితం, అత్యవసరంగా చేర్చినట్లు ఆసుపత్రి ఇచ్చే సర్టిఫికెట్ పెడితే పథకం రేట్ల ప్రకారం డబ్బు తిరిగి వస్తుంది. కట్టినదంతా రాదు, ఆ రేటు మేరకే వస్తుంది. ఈ 48 గంటలు చాలా ఇండ్లలో ఐ.సి.యు. తలుపు దగ్గర ఏడుస్తూనే గడిచిపోతాయి. సంఘంలో ఒక్కరికి ఫోను చేస్తే ఆ పని వారు చేసి పెడతారు. మాకు తెలిసినంతలో సంఘం వల్ల జరిగే మేళ్ళలో ఇది పెద్దది. ఆ ఫోను నంబరు బియ్యం డబ్బా వెనుక గోడ మీద రాసి పెట్టుకున్న ఒక అమ్మ ఉంది. మీరూ అటువంటి చోటనే రాయండి.

ఇక భార్యల సంగతి. సైన్యం రికార్డులో ఆమె పేరు ఒకటి, ఆధార్‌లో ఒకటి, ఊరిలో పిలిచేది ఇంకొకటి. పుట్టిన తేదీ ఎవరో గుమాస్తా అంచనాగా వేసినది. ఆయన బ్రతికి ఉన్నంత కాలం దీనితో ఇబ్బంది లేదు. ఆయన పోయిన తరువాత కుటుంబ పింఛనుకు, కార్డుకు ఆమె తిరుగుతుంది, తిరుగుతూనే ఉంటుంది. షుగరు మాత్రలు కొనడానికి కమ్మలు తాకట్టు పెట్టినవారిని ఎరుగుదుము. కనుక అయ్యలారా, ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ డిశ్చార్జి బుక్కు, పి.పి.ఓ., భార్య ఆధార్ మూడు పక్క పక్కన పెట్టి పేరు, తేదీ సరిచూడండి. తేడా ఉంటే జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారా రికార్డ్స్‌కు రాసి సరిచేయించండి. ఆ కాగితాలు ఇంటిలో ఎక్కడ ఉన్నవో ఆమెకు చూపించండి. ట్రంకు పెట్టె తాళం మీ మొలత్రాడుకే ఉంటే ఏమి లాభం?

ఏడాదికి ఒకసారి ఇవ్వవలసిన జీవన ప్రమాణ పత్రం కూడా మంచం పట్టిన వారికి కష్టమవుతున్నది. పొలం పని చేసి వేలిముద్రలు అరిగిన వారికి యంత్రం ఒప్పుకోదు. ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి కూడా చేయవచ్చు. తపాలా శాఖ వారు ఇంటికే వచ్చి చేసే సౌకర్యం ఉంది. మంచం మీద నుండి మోసుకొని బ్యాంకుకు తీసుకొని పోవద్దు. తుంటి విరిగిన ముసలి వారిని అలా కదిలించటం మేము సమ్మతించము.

పింఛను లేకుండా బయటకు వచ్చిన వారు, వారి విధవరాండ్రు, అరవై అయిదు దాటి ఆధారం లేనివారు ఉంటే వారికి రక్షణ శాఖ నిధి నుండి నెల నెలా సాయం ఉంది. నెలకు 4,000 రూపాయలుగా ఉన్న దానిని 2025 అక్టోబరులో 8,000కు పెంచారు, 2025 నవంబరు 1 నుండి పెట్టుకొనే దరఖాస్తులకు వర్తిస్తుంది. ఇది కూడా జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయం ద్వారానే. మీ వీధిలో అటువంటి ముసలమ్మ ఉంటే ఈ సంగతి చదివి వినిపించండి, ఆమెకు పత్రిక అందదు.

నర్సులమైన మాకు సైనికులతో పాత చుట్టరికం ఉంది. 1854లో క్రిమియా యుద్ధంలో గాయపడిన సిపాయిల మంచాల మధ్యనే నైటింగేల్ అమ్మ మా వృత్తికి రూపం ఇచ్చింది. మన దేశంలో సైనిక నర్సింగ్ సేవ 1888లో మొదలైంది. ఆ సేవలో పనిచేసి వచ్చిన సిస్టర్లు కూడా మాజీ సైనికులే అని సంఘం వారు మరువకూడదు. కపెర్నహూములో శతాధిపతి తన కోసం కాదు, తన దాసుని కోసం ప్రభువును వేడుకొన్నాడు. సంఘం పెద్దలలో అటువంటి శతాధిపతులు కొందరిని మేము ఎరుగుదుము. తమకు నొప్పి ఉన్నా చెప్పరు, ఇంకొకరిని వెంటబెట్టుకొని వస్తారు. ఈసారి వచ్చినప్పుడు వారి బి.పి. కూడా చూస్తాము, చొక్కా చెయ్యి మడిచి సిద్ధంగా రావలెను.

చూపించుకొనుటకు వచ్చేవారు వాడుతున్న మందుల పట్టీలు అన్నీ, ఖాళీ అయిన అట్టలతో సహా, ఒక సంచిలో వేసుకొని తీసుకురండి. షుగరు పరీక్ష కోసం వచ్చేవారు పరగడుపున రావాలి, మంచినీరు త్రాగవచ్చు. ఇన్సులిన్ వేసుకొనేవారు మాత్రం ఆ ఉదయం సూది వేయించుకోకుండా వచ్చి, రక్తం ఇచ్చిన తరువాత వేయించుకొని తినండి. ఇంటిలో తినటానికి ఏదైనా కట్టుకొని రండి.