గోరూ, రోకలీ: ఒకే దారిలో వచ్చిన మాటలు

పగిలిన పత్తికాయ ఎండేకొద్దీ దాని గుల్ల కొనలు మొనదేలతాయి. దూది లాగినప్పుడల్లా అవి గోటి పక్క చర్మాన్ని గీరుతుంటాయి. ఆ గీతల్లోకి క్రిములు చేరితే వేలు వాచి, చీముపట్టి, గోరుచుట్టు లేస్తుంది. అదే వేలితో మిరపకాయల ముచ్చికలు తీయాల్సివస్తే ఇక చెప్పక్కర్లేదు. కారపు ఘాటు నూనెలో కరుగుతుంది గానీ నీళ్ళకు లొంగదు, ఎంత కడిగినా గోటి సందులో మంట ఆగదు. గుంటూరు, ప్రకాశం పల్లెల్లో కూలికెళ్ళే ఆడవాళ్ళకు 'గోరుచుట్టు మీద రోకటిపోటు' ఒంటికి తెలిసిన మాట.

ఈ సామెతలోని గోరు, రోకలి రెండూ భాషలో ఒకే దారిన నడిచివచ్చాయి. గోరు కన్నడంలో ఉగురు, పాత తమిళంలో ఉకిర్. రోకలి తమిళంలో ఉలక్కై, కన్నడంలో ఒనకె. అక్కడ ముందున్న అచ్చు తెలుగులో హల్లును దాటి అవతలికి జరిగింది, తర్వాతి అచ్చుతో కలిసి దీర్ఘమైంది. తమిళ ఉరల్ మనకు రోలైందీ, అవర్ వారైందీ ఇలాగే. గోండి మాటల్లోనూ ఈ జరుగుడు కనిపిస్తుంది.

ఈ మార్పును లోతుగా పరిశీలించిన భద్రిరాజు కృష్ణమూర్తి 1928లో ఒంగోలులోనే పుట్టారు. తెలుగు ధాతువుల మీద ఆయన గ్రంథం 1961లో వచ్చింది. బరో, ఎమెనోల ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వెలువడిందీ ఆ ఏడాదే. మరుసటి సంవత్సరం ఆయన సంపాదకత్వంలో మాండలిక వృత్తి పదకోశం తొలి సంపుటం వచ్చింది. అది రైతుల నోటి నుంచి సేకరించిన వ్యవసాయ పదాలది. అంతటి పండితుడు పొలం మాటకు అంత విలువ ఇచ్చినందుకు నాకు ఆయనంటే ప్రత్యేకమైన గౌరవం.

నఖం కథ వేరు. అది సంస్కృతం, ఇంగ్లీషు నెయిల్‌కూ లాటిన్ ఉంగ్విస్‌కూ రక్తసంబంధి. తమిళుల మాటల్లో ఇప్పుడు ఉకిర్ వినపడదు, నగమే. తెలుగులో మాత్రం నఖం పుస్తకాల్లో ఉండిపోయింది. నోరు నోటి అయినట్టు గోరు గోటి అయింది, నోళ్ళలాగే గోళ్ళూ వచ్చాయి. పసిపిల్లకు పెట్టేది గోరుముద్ద, బాలింతకు తోడేవి గోరువెచ్చని నీళ్ళు, దొడ్లో కాసేది గోరుచిక్కుడు. వీటిలో ఏ ఒక్కచోటా నఖం ఇమడదు.